గరిటెకు కట్టిన చీటీ

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై నాలుగో ఏట, మా ఆయన పోయిన మరుసటి ఏడు. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నా మాట పూర్తిగా వినవు. తప్పు కనిపించిన చోట మీరే సరిచేసుకుని చదువుకోండి. రోజుకు అర పేజీ దాటి రాయలేను కాబట్టి ఈ కథకు ఒక ఎండాకాలం మొత్తం పట్టింది. కథ మాత్రం నా అంత నిదానంగా నడవదు.

హెడ్ కానిస్టేబుల్ మద్దిలేటి ట్రంకుపెట్టెతో రాళ్ళగుంట పోలీసు శిక్షణ కేంద్రంలో దిగేనాటికి ఆయన ఉద్యోగం ఇంకా ఐదు నెలలే మిగిలి ఉంది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన కోర్టు ముందు నిలబడ్డాడు, జాతరల్లో నిలబడ్డాడు, మంత్రులు వచ్చే దారిలో నిలబడ్డాడు. మనిషి మీద ఒక్కసారి కూడా తుపాకి పేల్చలేదు. పేల్చవలసిన అవసరం వచ్చిన ప్రతిసారీ ముందు మాట్లాడి చూశాడు. మాట్లాడాక ఆ అవసరం కనబడేది కాదు.

ఆయనకున్న ఆశ ఒక్కటే. రిటైరయ్యే లోపు భుజం మీద ఒక చుక్క పడాలి. ఏఎస్‌ఐ పదోన్నతి జాబితాలో ఈసారి పేరు వచ్చింది కూడా. అంతలోనే పై నుంచి కొత్త ఉత్తర్వు దిగింది. రాళ్ళగుంటలో కొత్త రకం తుపాకి శిక్షణ పాసైన వాళ్ళకే చుక్క. పరీక్షకు మూడు అవకాశాలు, మూడూ పోతే జాబితాలో పేరు కొట్టేస్తారు.

బయలుదేరేటప్పుడు భార్య ఓబులమ్మ గడప దగ్గర నిలబడి అంది: "ముప్పై నాలుగేండ్లు ఎండలో నిలబడితివి. ఆకాశంలో అన్ని చుక్కలుండాయి. నీకు ఒకటి ఇచ్చేదానికి వాళ్ళ సొమ్మేం పోతాదంట?"

మొదటి రోజు ఉదయం కేంద్రం ప్రిన్సిపాల్ డీఎస్పీ పరాంకుశరావు గారు ఉపన్యసించారు.

"ఇంతవరకు మన శాఖలో కాల్చుట నేర్పినాము. ఇకమీదట కాల్చవలెనా, వద్దా అని నిర్ణయించుట నేర్పెదము. సదరు నిర్ణయం మూడు సెకన్లలో, తీవ్రమైన ఒత్తిడి నడుమ, నియమావళికి లోబడి వెలువడవలెను. మన గౌరవ డీఐజీ వాసుదేవమూర్తి గారు విదేశంలో పదిహేను రోజులు స్వయంగా పరిశీలించి, పన్నెండు సన్నివేశాలతో ఈ నియమావళిని రచించినారు. అక్కడి నేరస్థులు సైతం దీనిని మెచ్చుకొనుచున్నారు."

వెనక వరుసలో నుంచి ఎవరో తుపాకులు ఎప్పుడిస్తారని అడిగారు.

"తుపాకులు ఇవ్వబడవు," అన్నారు డీఎస్పీ గారు. "ఒత్తిడిలో ఉన్న మనిషి చేతికి తుపాకి ఇచ్చుట ప్రమాదకరం. కొయ్య తుపాకులు ఇవ్వబడును. ఉత్తుత్తి తూటాల ఫైలు పరిశీలనలో ఉన్నది. అంతవరకు పేలుడు శబ్దాన్ని అభ్యర్థి తన నోటితో చేయవలెను. శబ్దం 'ఠాం' అని స్పష్టంగా ఉండవలెను."

ఆ మధ్యాహ్నమంతా నలభైమంది పెద్దమనుషులు మైదానంలో వరుసగా నిలబడి 'ఠాం' అన్నారు. గోడ అవతల మేస్తున్న గొర్రెలు కాసేపు తలెత్తి చూసి, మళ్ళీ మేతలో పడ్డాయి.

మైదానం చివర ఒక వీధి కట్టారు. వీధంటే నాలుగు వెదురు గుంజలు, వాటికి కట్టిన ఫ్లెక్సీలు. ఒకదాని మీద బ్యాంకు, ఒకదాని మీద కిరాణా కొట్టు, ఒకదాని మీద బస్టాండు. గాలి వీచిన రోజున బ్యాంకు వెళ్ళి బస్టాండు మీద పడేది. ఆ వీధిలో తిరగడానికి, అవసరాన్ని బట్టి దొంగలుగా, అమాయకులుగా నటించడానికి పక్క పల్లె నుంచి ఎనిమిది మంది ఆడవాళ్ళను కూలికి పెట్టుకున్నారు. వాళ్ళకు పెద్ద సుంకులమ్మ. నోరూ నడుమూ రెండూ గట్టివే. ఆమె కొంగుముడిలో ఎప్పుడూ వేరుశెనక్కాయలు, నంజుకోవడానికి బెల్లంముక్క ఉండేవి. నెల తిరిగేసరికి ఆమె బ్యాంకు దోపిడీలో ఆరితేరింది.

"చెనిక్కాయ చేలో వొంగి పెరికేదానికన్నా ఇదే మేలు సామీ," అనేది. "ఈడ చచ్చినా నీడలో చస్తాం."

చిక్కంతా ఆయుధాల దగ్గర వచ్చింది. దొంగ చేతిలో కత్తి ఉందా, ఫోను ఉందా అని చూసి నిర్ణయించాలన్నది నియమావళి సారం. కానీ బొమ్మ తుపాకి, బొమ్మ కత్తి కొనాలంటే ఆయుధాల శాఖ అనుమతి కావాలట. ఆ శాఖ వాళ్ళు, బొమ్మ ఆయుధం కాదు కాబట్టి తమకు సంబంధం లేదని రాశారు. బొమ్మల సంగతి చూసే శాఖ వాళ్ళు, ఆయుధం బొమ్మ కాదు కాబట్టి తమకూ సంబంధం లేదని రాశారు. చివరికి డీఎస్పీ గారే దారి కనిపెట్టారు. కేంద్రం వంటశాల నుంచి రెండు గరిటెలు, ఒక అట్లకాడ, ఒక చెంబు, ఒక పప్పుగుత్తి తెప్పించి, ఒక్కోదానికి దారంతో ఒక చీటీ కట్టించారు. ఒక గరిటె చీటీ మీద 'తుపాకి' అని ఉండేది. ఇంకో గరిటె చీటీ మీద 'గరిటె' అని ఉండేది. నియమావళిలో ఏడో నియమం చేర్చారు: వస్తువును చూడరాదు, చీటీని చూడవలెను.

ఆ విధంగా, ఒత్తిడిలో నిర్ణయం తీసుకోవడమంటే పదిహేను అడుగుల దూరం నుంచి మూడు సెకన్లలో చీటీ చదవడం అయింది. యాభై దాటిన వాళ్ళంతా కళ్ళద్దాల అంగడికి పరుగెత్తారు.

మద్దిలేటి మొదటి పరీక్షకు నిలబడ్డాడు. బ్యాంకు ఫ్లెక్సీ వెనక నుంచి సుంకులమ్మ గరిటె పైకెత్తి వచ్చింది. పరీక్ష పెట్టే సీఐ చక్రపాణి స్టాప్‌వాచీ నొక్కాడు. మద్దిలేటి చీటీ వైపు చూశాడు. తెల్ల కాగితం కనిపించింది కానీ అక్షరాలు కనిపించలేదు. అలవాటు కొద్దీ మనిషి ముఖం చూశాడు.

"ఏం సుంకులమ్మా, కాలు ఈడుస్తాండావు?"

"నిన్న పద్నాలుగుసార్లు పడితి గదన్నా. మోకాలు వాచింది."

"ఆముదం కాచి రాయి. ఆ గరిటె అట్ల కింద పెట్టి, కూర్చో."

ఆమె గరిటె కింద పెట్టి కూర్చుంది. నిజంగా దొంగ అయినా అదే చేసేది. చక్రపాణి కాగితం మీద రాసుకున్నాడు: "అభ్యర్థి చీటీ చదవలేదు. నిందితురాలికి వైద్య సలహా ఇచ్చినాడు. ఫెయిల్."

రెండో పరీక్షకు ముందు ఇంకో లోపం బయటపడింది. అభ్యర్థులు ఒత్తిడిలో లేరు. సుంకులమ్మను చూసి భయపడటం ఎవరికీ చేత కావడం లేదు. పరీక్షకు ముందూ వెనకా నాడి చూసి, నిమిషానికి ఇరవై దెబ్బలైనా పెరిగితేనే ఒత్తిడి ఉన్నట్టు లెక్క అని నియమావళి చెబుతోంది. అందుకని చక్రపాణిని ఒత్తిడి అధికారిగా నియమించారు. ఆయనకు ఒక గది, ఒక బల్ల, ఒక పెద్ద గంట ఇచ్చారు. పరీక్షకు ముందు ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి ఒత్తిడి కలిగించడం ఆయన పని. ఆయనకు స్వతహాగా ఆ విద్య ఉంది.

మద్దిలేటి ముంజేయి పట్టుకుని చక్రపాణి అన్నాడు: "నీ సెలవులన్నీ రద్దయ్యాయి."

"నేను పెట్టుకోలేదు సార్."

"నిన్ను అడవి స్టేషనుకు బదిలీ చేశారు."

"ఆడ నీళ్ళు బాగుంటాయి సార్. మా బావమరిది చేసినాడు."

చక్రపాణి చెవి పక్కన గంట కొట్టాడు. నాడి నాలుగు దెబ్బలు తగ్గింది. మద్దిలేటి జాతర బందోబస్తుల్లో గంటల మధ్యనే నిద్రపోవడం నేర్చినవాడు.

"నీలాంటి వాళ్ళ వల్లే శాఖ వెనకబడి ఉంది," అన్నాడు చక్రపాణి, తనకే నాడి పెరుగుతుండగా. "మైదానం చుట్టూ ఎనిమిది సార్లు పరుగెత్తు."

యాభై తొమ్మిదేళ్ళ మనిషి ఎనిమిది చుట్లు పరుగెత్తాడు. ఒత్తిడి కావలసినంత వచ్చింది. ఈసారి కొత్త కళ్ళద్దాలు ఉన్నాయి. కానీ పరుగుకు అద్దాలు ఆవిరి పట్టాయి, గాలికి చీటీ వెనక్కి తిరిగింది. పోనీ 'ఠాం' అందామంటే ఆయాసంతో 'హా' అని వచ్చింది. "నిందితుడిని చూసి నిట్టూర్చినాడు. ఫెయిల్."

ఇక మిగిలింది ఒకటే అవకాశం. ఆ రాత్రి ఓబులమ్మ ఫోను చేసి ఏమైందని అడిగితే, ఇంకొకటి ఉందిలే అని చెప్పి పెట్టేశాడు.

మూడో పరీక్ష రోజున డీఐజీ వాసుదేవమూర్తి గారు తనిఖీకి వచ్చారు. మనిషి మంచివాడే. కష్టపడి చదువుకున్నవాడు, నలుగురికీ మేలు చేయాలన్న తపన ఉన్నవాడు. ఆ మేలు నియమావళి రూపంలో తప్ప ఆయనకు తట్టేది కాదు. పొద్దున్నే చక్కెర జబ్బుకు సూది వేయించుకుని, టిఫిన్ దారిలో తిందామని బయలుదేరి, దారంతా నియమావళి దిద్దుతూ తినడం మరిచారు. వచ్చీ రాగానే ఆయనకో ఆలోచన వచ్చింది.

"పల్లె ఆడవాళ్ళు ఎదురైతే ఒత్తిడి ఎక్కడ పుడుతుంది? నిందితుడిగా నేను నిలబడతాను."

పరాంకుశరావు గారు కాదనలేక, వంటశాలలో ఉన్న వాటిలో కొత్త గరిటె ఏరి, 'తుపాకి' చీటీ మళ్ళీ అందంగా రాయించి కట్టించారు. డీఐజీ గారు బ్యాంకు ఫ్లెక్సీ ముందు ఎండలో నిలబడ్డారు.

రాళ్ళగుంటలో నిజమైన ఒత్తిడి పుట్టింది ఆ రోజే. మొదటి అభ్యర్థి పెద్దసారును చూసి తుపాకి కింద పెట్టి సెల్యూట్ కొట్టాడు. ఫెయిల్. రెండోవాడు "తమరు అనుమతిస్తే కాల్చుకుంటాను సార్" అన్నాడు. ఫెయిల్. మూడోవాడు కళ్ళు మూసుకుని 'ఠాం' అని, వెంటనే "తప్పయింది సార్, పిల్లలు గలవాణ్ణి" అన్నాడు. వాడిని పాస్ చేయాలా, సస్పెండ్ చేయాలా అన్నది తేలక పక్కన కూర్చోబెట్టారు. ఇదంతా ముగిసేసరికి గంటన్నర అయింది. పెద్దసారు కదల్లేదు. నీడలోకి రమ్మంటే, నిందితుడు నీడ వెతుక్కోడు అన్నారు.

తర్వాత మద్దిలేటి వంతు. డీఎస్పీ గారు చెవిలో చెప్పారు: "చీటీ మీద ఏముందో నీకు ముందే తెలుసు. నిర్భయంగా కాల్చు. కానీ కొంచెం మర్యాదగా."

స్టాప్‌వాచీ చప్పుడైంది.

మద్దిలేటికి చీటీ స్పష్టంగా కనిపించింది. 'తుపాకి.' ఒక్క మాట అంటే చాలు, భుజం మీద చుక్క. నోరు తెరిచాడు. ఏళ్ళ తరబడి అలవాటైన కన్ను ఆగకుండా చీటీ దాటి ముఖం మీదికి పోయింది. పెద్దసారు పై పెదవి మీద చెమట ముత్యాల్లా నిలబడి ఉంది. ఏదో అనబోతే నాలుక మడతపడింది. గరిటె గడగడ వణుకుతోంది.

"ఎంత సహజంగా ఉందో చూడండి," అంటున్నాడు చక్రపాణి. "ఇదీ నటనంటే."

మద్దిలేటి కొయ్య తుపాకి నేల మీద పెట్టి ముందుకు పరుగెత్తాడు.

"ఏం చేస్తున్నావయ్యా, నిందితుడి దగ్గర ఆయుధం ఉంది," అని అరిచారు డీఎస్పీ గారు.

"అది గరిటె సార్," అన్నాడు మద్దిలేటి, వెనక్కి తిరగకుండానే.

ఆయన చేరుకునేలోపే పెద్దసారు పడిపోయారు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టనిది సుంకులమ్మ ఒక్కతే.

"అది మేం పడే పడుడు కాదు సామీ," అంది ఆమె లేచి నిలబడి. "మేమైతే ముందు చెయ్యి ఊనుకుంటాం. ఆ సారు చెట్టు మొద్దు మాదిరి పడినాడు."

"నిశ్శబ్దం," అన్నాడు చక్రపాణి. "సన్నివేశం ముగిసినట్టు గంట కొట్టలేదు."

మద్దిలేటి పెద్దసారు తల ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. "సుంకులమ్మా, నీ చెనిక్కాయల మూట ఇట్ల తే. బెల్లం ఉంది గదా. మా ఇంటిదానికీ ఇట్లనే అయితాది. సూది ఏసుకొని కూడు తినకుంటే ఇట్లనే."

ఆమె కొంగుముడి విప్పి బెల్లం ఇచ్చింది. చెంబు మీద 'బాంబు' అని చీటీ ఉన్నా దాంట్లోనే నీళ్ళు తెచ్చింది. బెల్లం నలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా మింగించాడు. పది నిమిషాలకు పెద్దసారు ముఖం తేటపడింది. ఆయన అన్న మొదటి మాట ఇది:

"అభ్యర్థి ఎంతసేపట్లో నిర్ణయం తీసుకున్నాడు?"

"మూడు సెకన్లలోపే సార్," అన్నాడు చక్రపాణి.

"ఏం నిర్ణయం?"

చక్రపాణి స్టాప్‌వాచీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం సమావేశం జరిగింది. పెద్దసారు నిజంగా పడిపోయారని రాస్తే, తనిఖీకి వచ్చిన అధికారికి టిఫిన్ ఎందుకు పెట్టలేదని విచారణ వస్తుంది. అందుకని అది సన్నివేశంలో భాగమేనని తీర్మానించారు. డీఐజీ గారికి ఉత్తమ నటనకు ప్రశంసాపత్రం రాశారు. ఇక సన్నివేశంలో భాగమే అయితే మద్దిలేటి చేసిందేమిటి? పరాంకుశరావు గారు చదివి వినిపించారు: "సాయుధుడైన నిందితుడిని నిరాయుధుడై సమీపించుట. ఒడిలో పరుండబెట్టుకొనుట. తీపి పదార్థం తినిపించుట. ఫెయిల్."

పెద్దసారు ఆ కాగితాన్ని తన ముందుకు లాక్కున్నారు. ఆయనకు అంతా తెలుసు. ఆ మనిషికి మేలు చేయాలనీ ఉంది. రాత్రంతా కూర్చుని, తనకు చేతనైన మేలు చేశారు. నియమావళికి పదమూడో సన్నివేశం చేర్చారు. పేరు 'వణుకుచున్న సాయుధుడు'. అభ్యర్థి ఆయుధం నేలపై ఉంచవలెను. ఎనిమిది అంగలు పరుగెత్తవలెను. స్టోరు నుంచి జారీ అయిన ఇరవై గ్రాముల బెల్లం నిందితుడి నోట ఉంచవలెను. చివర ప్రత్యేక ఉత్తర్వు: హెడ్ కానిస్టేబుల్ మద్దిలేటికి నాలుగో అవకాశం, పదమూడో సన్నివేశంలో.

"ఇది నీ కోసమే పుట్టిన పరీక్షయ్యా," అన్నారు డీఎస్పీ గారు ఆయన వీపు తట్టి. "నువ్వు చేసిందే మళ్ళీ చేయాలి. నిద్రలో కూడా తప్పలేవు."

ఆ సంగతి విన్నప్పటి నుంచి మద్దిలేటికి నిద్ర పట్టలేదు. ఓబులమ్మ ఫోనులో "ఇంక వచ్చినట్టే గదా" అంది. ఆమె గొంతులో సంతోషం విని ఆయనకు అన్నం సహించలేదు. పరీక్ష నాటి పొద్దున ఒక గ్లాసుడు టీ కూడా దిగలేదు. చక్రపాణి నాడి చూస్తే నిమిషానికి నూట పన్నెండు. ఒత్తిడి అధికారి ఏమీ చేయకుండానే.

"ఇప్పటికి దారికొచ్చావు," అన్నాడు చక్రపాణి మెచ్చుకోలుగా.

స్టోరు జమాదారు ఖాజామియా సీలు వేసిన కాగితం పొట్లంలో బెల్లం ఇచ్చి సంతకం తీసుకున్నాడు. డీఐజీ గారు కుర్చీలో కూర్చున్నారు. వంటశాల కానిస్టేబుల్ భీమన్న చీటీ కట్టిన గరిటెతో బ్యాంకు ముందు నిలబడి వణకడం మొదలుపెట్టాడు. చక్కగా వణికాడు. వారం రోజులు సుంకులమ్మే నేర్పింది.

స్టాప్‌వాచీ చప్పుడైంది. మద్దిలేటి కొయ్య తుపాకి నేల మీద పెట్టాడు. ఎనిమిది అంగలు పరుగెత్తాడు. పొట్లం విప్పాడు. భీమన్న నోరు తెరిచాడు.

మద్దిలేటి భీమన్న ముఖంలోకి చూశాడు.

మూడు సెకన్లు గడిచాయి. ఆరు గడిచాయి. భీమన్న నోరు తెరుచుకునే ఉంది.

"పెట్టవయ్యా," అన్నారు డీఎస్పీ గారు కుర్చీలో ముందుకు జరిగి. "వణుకుతున్నాడు, కనిపించడం లేదా?"

"కనిపిస్తాంది సార్. కానీ ఈనికేం కాలేదు."

"ఎలా చెప్పగలవు?"

"మీసానికి పప్పు అంటుకొనుంది సార్. ఇప్పుడే కడుపునిండా తినొచ్చినాడు."

భీమన్న వణకడం ఆపి మీసం తుడుచుకున్నాడు. చక్రపాణి నియమావళి తిరగేశాడు. "బెల్లం పెట్టకపోతే, చీటీ ప్రకారం కాల్చాలి. ఠాం అను. అది కూడా పాసే."

డీఎస్పీ గారు తల ఊపారు. పెద్దసారు కూడా, ఒకింత బతిమాలుతున్నట్టు, తల ఊపారు.

మద్దిలేటి భీమన్న వైపు మరోసారి చూశాడు. "అన్నం తిని ఎండలో నిలబడినోణ్ణి ఎందుకు కాల్చల్ల సార్?" అన్నాడు.

జవాబు నియమావళిలో లేదు. కాగితం పెద్దసారు ముందుకు వచ్చింది. ఆయన కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి, ఫెయిల్ అన్న మాట కింద సంతకం పెట్టారు. మద్దిలేటి సెల్యూట్ కొట్టాడు. పెద్దసారు తిరిగి సెల్యూట్ చేసేటప్పుడు కుర్చీలో నుంచి లేచి నిలబడ్డారు. హెడ్ కానిస్టేబుల్‌కు లేచి నిలబడాలని ఏ నియమంలోనూ లేదు. చక్రపాణికి అది కూడా రాసుకోవాలా వద్దా తెలియలేదు.

మద్దిలేటి స్టోరుకు వెళ్ళి కొయ్య తుపాకి అప్పగించాడు. ఖాజామియా చెయ్యి చాపాడు.

"బెల్లం?"

"లేదు ఖాజన్నా. తినేసినాను. వచ్చే దారిలో."

ఖాజామియా పుస్తకం తెరిచి, కళ్ళద్దాల మీదుగా చూశాడు. "నిందితుడికి పెట్టలేదంటివి. తిరిగి ఇయ్యలేదంటివి. నేనేమని రాసుకోవల్ల?"

మద్దిలేటి స్టోరు గుమ్మానికి ఆనుకున్నాడు. నిన్న మధ్యాహ్నం నుంచి ఖాళీగా ఉన్న కడుపులో బెల్లం ఇప్పుడిప్పుడే దిగుతోంది. చేతుల వణుకు తగ్గుతోంది.

"ఆకలైనోడు తినినాడని రాసుకో," అన్నాడు. "ఈ పొద్దు ఈడ నిజంగా వణికింది నేనొక్కణ్ణే."

— ఉరుకుందమ్మ, అరవై ఏడేళ్ళు. ఇప్పుడు ఆదోనిలో, మా చెల్లెలి ఇంటి మేడ మీది గదిలో ఉంటున్నాను.